అమ్మ బీపీ, ఎర్ర లైటు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళా. మాది రావులపాలెం దగ్గర ఓ పల్లెటూరు. బీరువాలో ఏదో వెతుకుతుంటే అమ్మ బీపీ మాత్రల అట్టలు కనపడ్డాయి. ఒక్కటీ చింపలేదు!

"ఇదేంటమ్మా?"

"మానేశాన్రా. రాజమండ్రిలో లేజర్ పెట్టించుకుంటున్నాగా. నాకు బానే ఉంది."

లేజర్ ఆక్యుపంక్చరట. సూదుల బదులు మోచేతి మడత దగ్గర, మోకాలి కింద, ఇంకొన్ని చోట్ల సన్నటి ఎర్ర లైటు కాసేపు పెడతారు. నొప్పుండదు, కాలదు. డెబ్భై దాటిన మా అమ్మకి సూదంటే భయం, లైటంటే ఇష్టం.

నేను తీసుకెళ్ళిన మిషన్‌తో చూస్తే 172/98. మర్నాడు పొద్దున్న చూసినా దాదాపు అంతే. "అక్కడ 140 దాటదురా" అంది. ఎందుకు దాటుతుంది? ఏసీ గదిలో ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోబెట్టాక చూస్తే ఎవరికైనా కాస్త తగ్గుతుంది. మన డెమోలూ అంతే కదా. కూలేది ప్రొడక్షన్లోనే.

సరే, తిట్టేముందు కొంచెం చదువుదామని కూర్చున్నా. 2006లో అమెరికాలో 192 మంది బీపీ వాళ్ళ మీద పరీక్ష చేశారు. కొందరికి అసలు చోట్ల సూదులు, కొందరికి ఉత్తుత్తి చోట్ల. తేడా ఏమీ రాలేదు. 2007లో జర్మనీలో 160 మంది మీద చేస్తే కొంత తగ్గింది గానీ, ఆపేసిన మూణ్ణెల్లకి మళ్ళీ మొదటికొచ్చింది. ఇవి సూదుల సంగతి. లేజర్ మీద జరిగినవి చాలావరకు ఇంతకంటే చిన్నవి, కొద్ది వారాలవి.

మరి మాత్రలో? 2008లో వచ్చిన హైవెట్ అనే పరీక్షలో ఎనభై దాటిన 3,845 మందిని తీసుకున్నారు, సగానికి పైగా ఆడవాళ్ళే. మాత్రలు వాడిన వాళ్ళలో చావులు 21 శాతం తక్కువ. ఈ వయసులో ఇంకా మాత్రలెందుకు అనేవాళ్ళకి ఇంతకంటే జవాబేం కావాలి?

ఇదేదో పట్నం గొడవ అనుకోకండి. 2003-04లో మన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాది పాటు ప్రతి చావుకీ కారణం ఆరా తీశారు. మొత్తం 1,354 చావుల్లో 32 శాతం గుండెజబ్బులూ, పక్షవాతం లాంటివే. అంటు జబ్బులు అందులో సగం కూడా లేవు. ఆ పోయినవాళ్ళలో ఎంతమంది "నాకు బానే ఉంది" అనుంటారో! బీపీ చెప్పిరాదు మరి.

ఈ లెక్కలన్నీ అమ్మకి అప్పజెప్పా. ఓపిగ్గా వింది.

"అసలు అక్కడ నీకేం నచ్చిందమ్మా?"

"ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని, రాత్రి నిద్ర పట్టిందాండీ అమ్మగారూ అని అడుగుతాడ్రా."

నా నోట మాట రాలేదు. నేను వారానికోసారి ఫోన్ చేసి అడిగేది ఒక్కటే, "బీపీ ఎంతుంది?" అని. సర్వర్‌ని పింగ్ చేసినట్టు.

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మాత్రలు మళ్ళీ మొదలెట్టించా. లేజర్ మానమని మాత్రం అన్లేదు. లైటు వల్ల ముప్పు లేదు, మాత్ర మానెయ్యడం వల్లే ముప్పు. ఆవకాయ తగ్గించమన్న మాట మీద ఇంకా రాజీ కుదర్లేదనుకోండి.

ఇప్పుడు ఫోన్లో ముందు నిద్ర సంగతి అడుగుతున్నా, తర్వాతే బీపీ. మీరూ ఈసారి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ మాత్రల డబ్బా ఓసారి తెరిచి చూడండి. మందులు నిండుగా ఉంటే సంతోషించకండి!