బరువు – భారము

లోకవ్యవహారంలో బరువు, భారము అనే మాటలను మనం ఒకే అర్థంలో వాడుతుంటాము. కాని ఈ రెంటికీ ఎంతో అంతరం ఉన్నది. బరువు త్రాసుకు తెలుస్తుంది. భారము మోసే చేతికే తెలుస్తుంది. ఈ సత్యాన్ని నాకు బోధించినది ఏ గ్రంథమూ కాదు, ఒక వీడియో కెమెరా.

2005 ప్రాంతంలో, చదువు ఖర్చుల నిమిత్తం, హనుమకొండ చౌరస్తాకు సమీపంలోని ఒక వీడియో దుకాణంలో సెలవు దినాలలో సహాయకునిగా పనిచేశాను. పెళ్ళిళ్ళ కాలంలో మాకు రేయింబవళ్ళు ఒక్కటే. యజమానిని అందరూ ఉస్తాద్ అని పిలిచేవారు. ఆయన పూర్వపు వి.హెచ్.ఎస్. కెమెరాను భుజాన మోసి పని నేర్చినవారు. ఆ కెమెరా ఆకారంలో పెద్దది. అయినా కటకం భుజానికి ముందు, క్యాసెట్టు, బ్యాటరీ వెనుక ఉండడం వలన కావడి వలె అది భుజంపై నిలిచేది. మోసేది భుజము, నడిపేది మాత్రమే చేయి.

తరువాత చిన్న డిజిటల్ కెమెరాలు వచ్చాయి. 2003 ప్రాంతంలో వెలువడిన సోనీ పీడీ 170 సుమారు ఒకటిన్నర కిలోలే. దానిని భుజాన ఆనించే వీలు లేదు. ప్రక్కనున్న పట్టీలో కుడిచేయి దూర్చి పట్టుకోవలసినదే. ఇరుకు పందిళ్ళలో అందరూ కనిపించాలని ముందు భాగాన మరొక విశాలకోణ కటకం బిగిస్తాము. పైన దీపం అమరుస్తాము. ఇక కెమెరా ముక్కు నేలవైపు వాలుతూనే ఉంటుంది. బరువు తగ్గినది, భారము పెరిగినది!

భౌతికశాస్త్రం చదివిన మిత్రులకు కారణం తెలియనిది కాదు. బరువును ఆధారబిందువు నుండి దాని దూరంతో గుణిస్తే భ్రామకం వస్తుంది. పట్టుకున్న చోటికి 16 సెంటీమీటర్ల ముందు అరకిలో కటకం ఉంటే, 8 సెంటీమీటర్ల వెనుక ఒక కిలో ఉంటేనే సమతూకం. లేనిచో ఆ వెలితిని మణికట్టు పూరించాలి. అదీ ఒక్క నిమిషం కాదు, గంటల తరబడి. ఆ పెళ్ళిళ్ళ కాలం ముగిసేసరికి ఉస్తాద్ కుడిచేతితో చాయ్ గ్లాసు ఎత్తలేకపోయేవారు. ఆ చేయి ఆగితే ఇంట పొయ్యి ఆగుతుంది. అటు నిఖా నాటి సంతకానికి గాని, తలంబ్రాలకు గాని రెండవసారి లేదు. ఆ క్షణాన చేయి వణికితే ఆ కుటుంబపు జ్ఞాపకమే వణుకుతుంది.

అందుచేత ఆయన బలాన్ని నమ్ముకొనక ఉపాయాన్ని ఆశ్రయించారు. ఎడమ అరచేతిని కటకం క్రింద పళ్ళెం వలె ఉంచి బరువంతా దానిపై వేసేవారు. కుడిచేయి మీటలకే పరిమితం. రెండు మోచేతులు ప్రక్కటెముకలకు ఆనాలి. బిందెను చాచిన చేతితో ఎవరు మోస్తారు? చంకన పెట్టుకుంటారు కదా! కన్ను దృశ్యదర్శినికి ఆనితే మూడవ ఆధారం లభిస్తుంది. పాదాలు ఎడంగా, మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడాలి. వెనుక పెద్ద బ్యాటరీ తగిలిస్తే అది ఎక్కువసేపు పనిచేయడమే కాక, ఏతానికి కట్టిన రాయి వలె ముందు బరువును కొంత సరిచేస్తుంది. దూరం నుండి జూమ్ చేయడం కంటె దగ్గరకు నడవడం మేలు. పన్నెండు రెట్లు దగ్గర చేసిన బొమ్మలో వణుకూ పన్నెండు రెట్లవుతుంది.

క్రీ.శ. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ఆవరణలో బతుకమ్మ ఆడే సాయంత్రం ఈ విద్యకు అసలైన పరీక్ష. ఆ జనసందోహంలో ముక్కాలిపీటకు చోటెక్కడిది? అక్కడ గోడయే స్నేహితుడు, మన దేహమే పీఠము.

అమెరికాకు చెందిన గారెట్ బ్రౌన్ 1970లలో రూపొందించిన స్టెడీకామ్‌లోనూ ఇదే సూత్రం ఉన్నది. నిలువు కడ్డీకి పైన కెమెరా, దిగువ బ్యాటరీ, తెర. భారమంతా నడుముకు, భుజాలకు బిగించిన కవచంపై. 1976లో వచ్చిన రాకీ చిత్రంలో కెమెరా పరుగెత్తినా బొమ్మ చెదరకపోవడానికి కారణమదే. నేడు అరచేతి ఫోనులే వణుకును సవరిస్తున్నాయి. అయినా ఆ ఫోనును చేయి చాచి అరగంట పట్టుకొన్నవారికి మణికట్టు సంగతి తెలుస్తుంది.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎందరో ఈ వృత్తిని చేపట్టవచ్చు. చేతి నొప్పిని పౌరుషంతో కప్పిపుచ్చకండి. మొదట గరిమనాభి ఎక్కడున్నదో వెదకండి. కళాశాల కార్యవర్గ పెద్దలకొక మనవి. వార్షికోత్సవాన మూడు గంటలు కెమెరా పట్టే విద్యార్థికి ఆనుకొనుటకొక స్తంభం, గంటకొకసారి కెమెరా అందుకొనుటకు మరొక జత చేతులు ఏర్పాటు చేయండి. బరువు ఎలాగూ తప్పదు. పంచుకొంటే అది భారము కాదు.