బాకీకి నామం ఎందుకు?

మా ప్రాంతపు వ్యాపార భాషలో ఒక విచిత్రం ఉంది. తిరుమల కొండ నీడలో బతికే అంగళ్లలోనే ఆ కొండకు చెందిన మాటలు మోసానికి మారుపేర్లయ్యాయి. అప్పు ఎగవేసినవాడు ‘పంగనామం పెట్టాడు’. మాట తప్పినవాడు ‘శఠగోపం పెట్టాడు’. పోయిన సొమ్ము ‘గోవిందా’. కాజేసిన సొమ్ము ‘కైంకర్యం’. నిజానికి నామం వైష్ణవుల నుదుటి గుర్తు. శఠగోపం స్వామి పాదాలకు ప్రతీకగా భక్తుల తలపై ఉంచేది. కైంకర్యం అంటే సేవ. ‘నిలువుదోపిడి’ సంగతి మరీ తమాషా. ఒంటిమీది నగలన్నీ హుండీలో వేసే మొక్కుకు ఆ పేరు. అంగడిలో మాత్రం అది అచ్చంగా దోపిడీయే.

తిరుపతిలో మా మేనల్లునికి బెల్లం టోకు వ్యాపారం. నిరుడు ఒకనాడు నేను అంగట్లో ఉండగా అతడు ఫోనులో, “బంగారుపాళ్యం ఆయన లక్షన్నరకు నామం పెట్టేశాడు” అన్నాడు. ఎదుట కూర్చున్న పాత ఖాతాదారు, డెబ్బై ఏళ్ల పెద్దమనిషి, నుదుట నిండు తిరునామంతో ఉన్నారు. ఆయన మెల్లగా, “నాయనా, నామం పెట్టుకున్నవాణ్ణి నేను. నీ బాకీ ఎగ్గొట్టింది వేరెవరో కదా!” అన్నారు. గొంతులో కోపం లేదు. ఎప్పుడూ తాగే టీ మాత్రం ఆనాడు తాగకుండానే లేచారు.

“వాళ్లే అంటారు కదా మామూ!” అని మేనల్లుని వాదన. అంటారు, నిజమే. కాని తన ఇంటి సంగతిని తాను ఎగతాళి చేయడం వేరు, పొరుగింటివాడు చేయడం వేరు. తొమ్మిది వందల ఎలుకలను తిన్న పిల్లి హజ్‌కు బయలుదేరిందనే ఉర్దూ సామెతను మన ఇళ్లలో నవ్వుతూనే వాడుకుంటాం. అదే మాటను పక్క అంగడివాడు హజ్ చేసి వచ్చిన మన పెద్దాయనపై విసిరితే? ‘కోమటి సాక్ష్యం’ అన్నప్పుడు ఆర్యవైశ్య సోదరునికి కలిగేదీ ఆ బాధే. ఇతరులు ఆరాధించేవాటిని దూషించవద్దని దివ్యఖుర్ఆన్ (6:108) ఆదేశించింది. వాడుకమాట దూషణ కాదని అనవచ్చు. వినేవాని నుదుటనే ఆ గుర్తు ఉన్నప్పుడు ఆ తేడా ఎంతవరకు నిలుస్తుంది?

నాకు ఇంకో అభ్యంతరం ఉంది. నా దృష్టిలో అదే పెద్దది. ‘నామం పెట్టాడు’ అనగానే విచారణ ముగిసిపోతుంది. ఇవ్వలేకపోయాడా, ఇవ్వదలచుకోలేదా అన్న ప్రశ్నకు చోటుండదు. ఇబ్బందుల్లో ఉన్న ఋణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వాలని బఖరా సూరా (2:280) చెబుతున్నది. అతడు ఇబ్బందుల్లో ఉన్నాడో లేదో తెలియాలంటే ముందు అడగాలి కదా!

అడగమన్నాను. ఆ బంగారుపాళ్యం వ్యాపారికి అంగడితోపాటు మామిడి తోట కూడా ఉంది. గుజ్జు ఫ్యాక్టరీకి తోలిన తోతాపురి కాయల డబ్బు ఇంకా చేతికి రాలేదట. మేనల్లుడు ఖాతా పుస్తకంలో అతని పేరు ఎదుట ‘సంక్రాంతి వరకు గడువు’ అని రాసుకున్నాడు.