కాంటెస్సా, నేను, కనిపించని వాయువు

ఉద్యోగ విరమణ చేసిన వైద్యుడు కాలక్షేపానికి ఏం చేయాలన్న విషయంలో మా బంధువులందరికీ స్థిరమైన అభిప్రాయాలున్నాయి. ఉదయం బీచ్ రోడ్డున నడక, సాయంత్రం ప్రవచనం, మధ్యలో అడిగినవారికీ అడగనివారికీ ఉచిత సలహాలు. నేను మాత్రం డెబ్బయ్యో ఏట తుప్పు పట్టిన కారొకటి కొని, ఇంటి పక్క షెడ్డులో దానికి పునర్జన్మనిచ్చే పనిలో పడ్డాను. ఆ పనిలోని ఆనందం గురించి కొంత, అందులో నేను చేసిన ఘోరమైన పొరపాటు గురించి ఎక్కువగా, ఈ రోజు మీతో చెప్పదలచుకున్నాను. ఆ పొరపాటు నాకు ఒక్కడికే చుట్టుకుని ఉంటే బహుశా రాసేవాణ్ణి కాదు. పక్కన నా మనవడున్నాడు.

కారు పేరు కాంటెస్సా. నలభై దాటిన పాఠకులకు పరిచయం అక్కరలేదు. అమెరికాలో 1964లో పాంటియాక్ జి.టి.ఓ. వచ్చినప్పటి నుంచి, మధ్యరకం కారులో ఆరు లీటర్లకు పైబడిన ఎనిమిది సిలిండర్ల ఇంజను బిగించి 'మజిల్ కార్' అని పిలుచుకునే వరవడి బలపడింది. మనకంత పెట్రోలూ లేదు, అంత వెడల్పు రోడ్లూ లేవు. ఉన్నంతలో ఆ ఆకారానికి దగ్గరగా వచ్చింది 1984లో హిందుస్థాన్ మోటార్స్ వారు తీసుకువచ్చిన కాంటెస్సా. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కారు మూసలో పోసిన పొడవాటి ముక్కు, వెడల్పాటి భుజాలు. లోపల మాత్రం మొదట్లో పెట్టింది అంబాసిడర్ ఇంజనే, 1489 సి.సి. వైద్యుడి కంటితో చూస్తే, పహిల్వాను దేహంలో పసివాడి గుండె. తరువాత జపాను ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను రావడంతో ఆ లోపం చాలావరకు తీరింది. 2002లో తయారీ ఆగిపోయింది.

నా కారు చరిత్ర విశాఖ చరిత్రతో ముడిపడినదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరం మీద విరుచుకుపడినప్పుడు దాని మీద చెట్టు కూలింది. పైకప్పు కుంగిపోయిన ఆ బండిని యజమాని ఖాళీ స్థలంలో వదిలేశారు. అక్కడే ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిసింది. నడక దారిలో ప్రతిరోజూ కనబడేది. దీర్ఘరోగిని చూసి చూసి వార్డులో ఎవరూ పట్టించుకోకుండా పోతారే, అట్లా పడి ఉండేది. చివరకు పాత ఇనుము ధరకు మించి కొంచెం ఇచ్చి, నాలుగు చక్రాలూ ఊడిన దానిని క్రేనుతో ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ క్రేను వెళ్ళిపోయేదాకా గుమ్మంలో నిలబడి చూసి, "ఏమండీ, ఇది ఇక్కడే ఉంటుందా?" అని మాత్రం అడిగింది.

సముద్రానికి దగ్గరగా ఉండేవారికి తుప్పు గురించి నేను చెప్పనక్కరలేదు. ఉప్పుగాలి పైన కనబడే రంగును వదిలి, లోపలి మడతలలో పనిచేస్తుంది. నేల రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా విరిగింది. రేకులు కోసి అతికించడం, కుంగిన పైకప్పును సాగదీయడం గాజువాక ఆటోనగర్ నుంచి వచ్చిన టింకరింగ్ పనివాడు చేశాడు. ఇంజను కూడా ఆటోనగర్‌లోనే దొరికింది. ఇసుజు ఇంజనునే తరువాతి అంబాసిడర్లకూ అమర్చారు కాబట్టి, ఆయుష్షు తీరిన ట్యాక్సీ నుంచి తీసినది నాకు పనికివచ్చింది. విప్పడం, కడగడం, కొలవడం, మళ్ళీ బిగించడం నా వంతు. శస్త్రచికిత్స నా శాఖ కాదు. అయినా పిస్టన్ రింగులు సరిచూసేటప్పుడు, నలభై ఏళ్ళ క్రితం వదులుకున్న కోరిక ఒకటి తీరుతున్నట్టు ఉండేది.

మా అమ్మాయి కొడుక్కి పద్నాలుగేళ్ళు. సెలవు రోజుల్లో ఫోను పక్కన పెట్టి షెడ్డుకు వచ్చేవాడు. పానాల నంబర్లు నాకన్నా వేగంగా చెప్పేవాడు. ఆ పిల్లవాడు ఉన్నందువల్లనే కొన్ని జాగ్రత్తలు గట్టిగా పాటించాను. జాకీ ఎత్తడానికి మాత్రమే, ఎత్తిన బండిని మోయడానికి స్టాండ్లు వేరుగా ఉండాలి. స్టాండ్లు పెట్టనిదే కారు కిందికి తల కూడా దూర్చకూడదని వాడికి నేర్పాను. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ ధూళిని గాలితో ఊదడం మెకానిక్కుల అలవాటు. నేను తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారేశాను. ఆ ధూళి తెచ్చిపెట్టే క్యాన్సరు బయటపడడానికి ముప్పై, నలభై ఏళ్ళు పడుతుంది. డెబ్బై దాటిన నాకు అది పెద్ద బెంగ కాదు, పద్నాలుగేళ్ళవాడికి అది నిండు జీవితం. రంగు వేయడం ఇంట్లో పెట్టుకోలేదు. ఇప్పటి రంగులలో కలిపే గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఒక్కసారి ఒంటికి పడకపోతే జీవితాంతం ఉబ్బసం మిగులుతుంది. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు.

ఇన్ని తెలిసినవాడిని. అసలైన దాన్ని మరచాను.

అది తుపాను వాన పట్టిన అక్టోబరు మధ్యాహ్నం. అంతకు రెండు రోజుల ముందే ఇంజను తొలిసారి అందుకుంది. ఆ శబ్దం విని వీధిలోకి పరుగెత్తి చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. కానీ ఐడిలింగ్ నిలవడం లేదు, ఆగి ఆగి పోతోంది. కార్బురేటర్ సరిచేద్దామని కూర్చున్నాం. జల్లు లోపలికి కొడుతోందని షట్టరు మూడు వంతులు దించాను. కింద రెండడుగుల సందు ఉంది కదా, గాలి ఆడుతుందనుకున్నాను. ఇంజను ఆగకుండా చోక్ బయటికి లాగి ఉంచాం. మనవడు టార్చి పట్టుకున్నాడు. నేను స్క్రూ పావు వంతు తిప్పడం, చెవి ఒగ్గి వినడం, మళ్ళీ తిప్పడం. సుమారు నలభై నిమిషాలు గడిచాయి.

తల దిమ్ముగా అనిపించింది. నాకు మధుమేహం ఉంది, భోజనం ఆలస్యమైంది, చక్కెర తగ్గిందనుకుని బిస్కెట్ తిన్నాను. కాసేపటికి మనవడు, "తాతయ్యా, కడుపులో తిప్పుతోంది" అన్నాడు. థిన్నర్ వాసన పడలేదేమోననుకున్నాను. ఇంజను ఆపకుండానే ఇద్దరం ఇంట్లోకి వచ్చాం. కోవిడ్ నాటి పల్స్ ఆక్సీమీటర్ సొరుగులో ఉంది. వేలికి పెట్టుకుంటే 98. వాడి వేలికి పెడితే 97. హాయిగా ఊపిరి పీల్చుకుని, వాణ్ణి పడుకోమని, స్క్రూడ్రైవర్ తీసుకుని మళ్ళీ షెడ్డు వైపు నడిచాను.

అదే సమయానికి మా పొరుగాయన గొడుగు వేసుకుని గేటు తీశారు. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు విభాగంలో పనిచేసి విరమించిన వ్యక్తి. అక్కడి ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఈయన ఉద్యోగమంతా గోదావరి నీడలోనే గడిచింది. దించిన షట్టరునూ, దాని కింద నుంచి వస్తున్న శబ్దాన్నీ, నా ముఖాన్నీ ఒక్కసారి చూశారు. "ఏటండీ డాక్టరు గారూ, తలుపేసీసి బండి నడిపేస్తన్నారా?" అని, నా జవాబు వినకుండానే షట్టరు పూర్తిగా పైకెత్తారు. లోపలికి వెళ్ళబోయిన నన్ను చేయి పట్టి ఆపి, కొంతసేపు వానలోనే నిలబెట్టారు. గాలి మారిందనిపించాక ఊపిరి బిగబట్టి తానే వెళ్ళి తాళంచెవి తిప్పివచ్చారు. అప్పుడు అడిగారు: "తలనొప్పి మీకొక్కరికేనా, బాబుకి కూడానా?"

ఎం.బి.బి.ఎస్. పట్టా ఉన్న నేను వేసుకోవలసిన ప్రశ్న అది. ఒకే చోట ఉన్న ఇద్దరికి, ఒకే సమయంలో, ఒకే రకం బాధ. ఉద్యోగపు తొలినాళ్ళలో, చింతపల్లి వైపు చలికాలంలో, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న ఒక కుటుంబాన్ని మంచాల మీద మోసుకువచ్చిన ఉదయం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు తలుపు దగ్గరే రోగనిర్ధారణ చేసి అందరి మెప్పూ పొందాను. నా షెడ్డులో అదే నాకు తోచలేదు. తోచకపోవడం కూడా ఆ విషం చేసే పనే. అది ముందుగా మందగింపజేసేది మెదడును.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇంజను పొగకు వాసన ఉంటుంది కాబట్టి ప్రమాదం ముక్కుకు తెలుస్తుందని అనుకుంటాం. పెట్రోలు, థిన్నర్, గ్రీజు వాసనల మధ్య ముక్కు అలిసిపోతుంది. ఈ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రక్తం ప్రవహిస్తూనే ఉంటుంది, మోయవలసిన సరుకు మాత్రం అందులో ఉండదు. పైగా ఇలా కలుషితమైన హీమోగ్లోబిన్ కూడా ప్రాణవాయువుతో నిండిన హీమోగ్లోబిన్ లాగే ఎర్రగా ఉంటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఎరుపు, పరారుణ కాంతుల సాయంతో చూసేది ఆ రంగునే. ఆ చిన్న పరికరం రెండింటికీ తేడా పట్టలేదు. ఆ రోజు నేను చూసిన 98 అబద్ధం. దయచేసి ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి: మూసిన గదిలో ఏదైనా మండుతుండగా తలనొప్పి, వికారం, తూలడం కనిపిస్తే ఆక్సీమీటర్ అంకెను లెక్కచేయవద్దు, బయటికి రండి, ఆసుపత్రికి వెళ్ళండి. చర్మం చెర్రీపండు రంగుకు తిరుగుతుందని మా పాఠ్యపుస్తకాలలో ఉండేది. బతికి ఉన్న రోగిలో ఆ రంగు నేనెన్నడూ చూడలేదు. దానికోసం ఎదురుచూడకండి.

నా కారు ఇంత విషం కక్కడానికి కారణముంది. చోక్ లాగితే పెట్రోలు పాలు పెరిగి, గాలి చాలక, సగం కాలిన ఇంధనమే ఎక్కువగా బయటికి వస్తుంది. ఆ వాయువును శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దీనికి లేదు. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లకు దానిని తప్పనిసరి చేశారు. కొత్త కారు కదా అని ధీమాగా ఉండకండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కన్వర్టర్ కూడా సరిగా పనిచేయదు. హుద్‌హుద్ తరువాత కరెంటు లేని రోజులలో జనరేటర్లను వరండాలలో, మెట్ల కింద పెట్టుకున్న ఇళ్ళు ఎన్నో చూశాను. స్నానాల గదిలో గ్యాస్ గీజరు, ఆపి ఉన్న కారులో ఏ.సి. వేసుకుని నిద్ర, ఇవన్నీ నా షెడ్డుకు చుట్టాలే.

పావుగంటలో ఆసుపత్రికి చేరాం. ధమని రక్తం తీసి కో-ఆక్సీమెట్రీ పరీక్ష చేశారు. సిగరెట్టు ముట్టని పిల్లవాడి రక్తంలో ఉండకూడని అంకె వచ్చింది. నాది అంతకన్నా ఎక్కువ. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు ద్వారా స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నర చాలు. పక్కపక్క మంచాల మీద మాస్కులతో పడుకున్నాం. మా అమ్మాయి వచ్చి కొడుకు మంచం పక్కన నిలబడింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

రాత్రికి తేరుకున్నాం. కానీ కార్బన్ మోనాక్సైడ్‌కు మరో దుర్గుణం ఉంది. పూర్తిగా కోలుకున్నట్టు కనిపించినవారిలో కొందరికి, కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల తరువాత మతిమరుపు, నడకలో తడబాటు, ప్రవర్తనలో మార్పు కనిపించవచ్చు. ఈ సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఆరు వారాల పాటు ప్రతి సాయంత్రం ఏదో ఒక నెపంతో వాడికి ఫోను చేసి, పదిహేడో ఎక్కం అప్పజెప్పమనేవాణ్ణి. "తాతయ్యా, నిన్న కూడా ఇదే అడిగావు. మరుస్తున్నది నువ్వు!" అని వాడు నవ్వేవాడు. నేను గోడ మీద క్యాలెండర్‌లో ఒక గీత గీసేవాణ్ణి. నలభై రెండు గీతలు నిండిన రోజున మా ఆవిడకు అసలు విషయం చెప్పాను.

పొరుగాయన ఒక గ్యాస్ మానిటర్ కొనిపించి షెడ్డులో తగిలించారు. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో ఈ వాయువు 20 శాతానికి పైగా ఉంటుందట. గ్యాసు ఉన్న చోటికి మానిటర్ లేకుండా అడుగు పెట్టనివ్వరట. "అక్కడ హెల్పరుక్కూడా తెలుసండి ఇది" అన్నారు. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు, అయినా నొచ్చింది. షట్టరు పక్క గోడ పగలగొట్టి పెద్ద కిటికీ పెట్టించాను. అయితే కిటికీని నమ్మి లోపల ఇంజను నడపడం లేదు. ఆ పని ఉన్న రోజున కారును తోసి రోడ్డు మీదికి తెస్తాం. బరువు టన్నుకు పైమాటే. ఒక పక్క నేను, ఒక పక్క మనవడు, వెనుక పొరుగాయన. మా అమ్మాయి వాణ్ణి మళ్ళీ పంపడానికి ఏడు నెలలు పట్టింది.

ఐడిలింగ్ ఇప్పుడు నిలుస్తోంది. రంగు వేయించాలి. వెనుక బంపరు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. మీ పెరటిలో గానీ, మీకు తెలిసిన వారి పాత సామాన్ల గదిలో గానీ కాంటెస్సా బంపరు ఉంటే తెలియజేయండి. సొట్టలున్నా ఫరవాలేదు.