ఓడరేవు పేటలో గాలి వల

2012లో శాండీ తుఫాను న్యూయార్క్‌ను ముంచెత్తినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. నగరంలో ఓ మూలనున్న పేటలో మాత్రం ఒక మేడమీద బిగించిన చిన్న డబ్బా పనిచేస్తూనే ఉంది. ఆ పేట పేరు రెడ్‌హుక్. ఆ డబ్బా ఏ పెద్ద కంపెనీదీ కాదు... పేటవాళ్లదే!

న్యూయార్క్ అనగానే ఏం గుర్తొస్తుంది? మబ్బుల్ని తాకే మేడలు, టైమ్స్ స్క్వేర్ వెలుగులు, కాగడా పట్టుకున్న స్వేచ్ఛాదేవి. ఆ విగ్రహాన్ని చూడ్డానికి ఏటా లక్షలమంది పడవెక్కి వెళ్తారు. పడవెక్కకుండా, నేలమీద నిలబడి ఆమె ముఖాన్ని ఎదురుగా చూడాలంటే మాత్రం బ్రూక్లిన్‌లోని రెడ్‌హుక్ వెళ్లాలి. సముద్రంలోంచి వచ్చే ఓడలకు ఎదురుపడేలా విగ్రహాన్ని నిలబెట్టారు. ఆ చూపు ఈ పేట వైపే పడుతుంది. సాయంత్రంపూట వాలెంటినో పార్కు రేవు చివర నిలబడితే ఎదురుగా దేవి, కింద అలలు, వెనకాల ఎర్ర ఇటుకల పాత గిడ్డంగులు.

దేవి చూపు పడినా రెడ్‌హుక్‌కు నగరం చల్లని చూపు మాత్రం చాలాకాలం దక్కలేదు.

ఎర్రమట్టి మూల

1636లో ఇక్కడికొచ్చిన డచ్చివాళ్లు ఈ నేలకు ‘రూడ్ హుక్’ అని పేరు పెట్టారు. రూడ్ అంటే ఎరుపు, హుక్ అంటే మూల. ఎర్రమట్టి, నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేల... పేరు అలా కుదిరింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ పెద్ద రేవులు తవ్వారు. ఓడల్లోంచి సరుకు దించేందుకు వేలమంది కూలీలు వచ్చారు. ఇటలీనుంచి వచ్చినవాళ్లు, ఐర్లాండ్‌నుంచి వచ్చినవాళ్లు, ఆ తర్వాత ప్యూర్టోరికోవాళ్లు... తలా ఒక భాష. అమెరికన్ నాటక రచయిత ఆర్థర్ మిల్లర్ 1955లో ‘ఎ వ్యూ ఫ్రమ్ ద బ్రిడ్జ్’ రాసింది ఈ పేట కూలీల బతుకు మీదే.

రేవు పనివాళ్ల కుటుంబాల కోసం 1930ల చివర్లో ప్రభుత్వం ఇక్కడ రెడ్‌హుక్ హౌసెస్ పేరుతో పెద్ద కాలనీ కట్టింది. బ్రూక్లిన్‌లో ఇంతకన్నా పెద్ద ప్రభుత్వ కాలనీ లేదు. పేట జనంలో సగానికి పైగా ఉండేది అందులోనే.

ఆ తర్వాత రెండు దెబ్బలు తగిలాయి. నగరం కార్ల కోసం వేసిన పెద్ద రహదారి, 1950లో తెరిచిన సొరంగమార్గం ముఖద్వారం కలిసి పేటను మిగతా బ్రూక్లిన్‌నుంచి కోసేశాయి. 1960ల నుంచి సరుకంతా కంటెయినర్లలో రావడం మొదలైంది. పెద్ద ఓడలు న్యూజెర్సీ రేవులకు మళ్లాయి. పని పోయింది, జనం తగ్గారు. మూడు వైపులా నీళ్లు, నాలుగోవైపు రహదారి. పేటలోకి మెట్రో రైలు కూడా రాదు. దగ్గరి స్టేషన్ స్మిత్-నైన్త్ స్ట్రీట్. నేలనుంచి 87 అడుగుల పైన ఉండే ఆ స్టేషన్‌కు ప్రపంచంలోనే ఎత్తైన సబ్‌వే స్టేషన్ అని పేరు. అక్కడ దిగి బస్సు పట్టుకోవాలి, లేదంటే నడవాలి. రోడ్డే సరిగా చేరని పేటకు ఇంటర్నెట్ మాత్రం సులువుగా చేరుతుందా? కనెక్షన్లు లేవని కాదు. నెలనెలా బిల్లు కట్టే స్తోమత లేని ఇళ్లు ఎక్కువ.

మేడమీద డబ్బా

ఈ పేటలో 2002 నుంచి ‘రెడ్‌హుక్ ఇనిషియేటివ్’ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేస్తోంది. పిల్లల చదువులు, యువతకు ఉద్యోగాలు దాని ప్రధాన వ్యాపకం. 2011లో ఆ సంస్థకు ఒక ఆలోచన వచ్చింది. కనెక్షన్ ఉన్నచోటునుంచి లేనిచోటికి పేటవాళ్లే గాలిలో దారి వేసుకుంటే? వాషింగ్టన్‌కు చెందిన ఓపెన్ టెక్నాలజీ ఇనిస్టిట్యూట్ సాంకేతిక సాయం చేస్తానంది. సంస్థ భవనం మీద మొదటి రౌటర్ బిగించారు. 2012లో కాఫీ పార్కు పక్కనున్న ఒక అపార్ట్‌మెంటు పైకి ఇంకొకటి ఎక్కించారు. పార్కు బెంచీమీద కూర్చున్నవాళ్లకూ వైఫై అందాలని.

దీన్నే మెష్ నెట్‌వర్క్ అంటారు. మెష్ అంటే వల. మామూలు వైఫైలో ఇంటికొక రౌటర్, దాని వెనక కంపెనీ తీగ ఉంటుంది. ఆ తీగ తెగితే అంతే సంగతులు. మెష్‌లో ప్రతి రౌటర్ పక్క రౌటర్‌తో నేరుగా మాట్లాడుతుంది. తనకొచ్చిన కబురును ముందుకు చేరవేస్తుంది. పల్లెటూళ్లో ఈ అరుగుమీంచి ఆ అరుగుమీదికి కబురు నడిచినట్టే! ఒక ఇంటికి తాళం వేసుంటే కబురు ఆగిపోదు కదా, వెనక సందులోంచి వెళ్తుంది. రౌటర్లలోని సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు ఏ దారి బాగుందో చూసుకుని కబురును అటు మళ్లిస్తుంది. వీటిలో కనీసం ఒక్కదానికి బయటి ఇంటర్నెట్ ఉంటే చాలు, మిగతావాళ్లూ పంచుకోవచ్చు.

బయటి లింకు తెగిపోయినా వల బతికే ఉంటుంది. పేటలోనే ఒక చిన్న సర్వర్ పెట్టుకుంటే పేటవాళ్లు ఒకరికొకరు కబుర్లు పంపుకోవచ్చు. రెడ్‌హుక్‌లో అలా ‘టైడ్‌పూల్స్’ అనే స్థానిక పటాన్ని తయారుచేశారు. పేటవాళ్లు ఎదురుచూసే బీ61 బస్సు ఎక్కడుందో కూడా అందులో చూడొచ్చు. ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా ఉంటుంది. ఈ వలలో మాత్రం పక్కవీధి ఉంటుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. రెడ్‌హుక్‌లో వాడిన ‘కమోషన్’ అనే సాఫ్ట్‌వేర్ అభివృద్ధికి అమెరికా విదేశాంగ శాఖ డబ్బిచ్చింది. ఎక్కడో నియంతల పాలనలో ఇంటర్నెట్ ఆపేస్తే అక్కడి ఉద్యమకారులు మాట్లాడుకోవడానికి పనికొస్తుందని దాని ఉద్దేశం. తీరా చూస్తే దాని అవసరం న్యూయార్క్ నడిబొడ్డుకు కూతవేటు దూరంలోనే కనిపించింది!

ఆ రాత్రి

2012 అక్టోబరు 29. శాండీ తుఫాను ఆ సాయంత్రం న్యూజెర్సీ తీరాన్ని తాకింది. పౌర్ణమి పోటు, దానిమీద తుఫాను ఉప్పెన. రెడ్‌హుక్‌కు ఎదురుగా మన్‌హట్టన్ కొసన ఉన్న బ్యాటరీ దగ్గర నీటిమట్టం దాదాపు 14 అడుగులకు చేరింది. నగరంలో 40 మందికి పైగా చనిపోయారు. రెడ్‌హుక్ వీధులన్నీ కాలువలయ్యాయి. కాలనీ భవనాల నేలమాళిగల్లో ఉన్న బాయిలర్లు, కరెంటు సామగ్రి ఉప్పునీటిలో మునిగిపోయాయి. లిఫ్టులు ఆగాయి, వేడినీళ్లు ఆగాయి. పైఅంతస్తుల్లోని వృద్ధులు చీకటి మెట్లు దిగలేక ఇళ్లలోనే ఉండిపోయారు. చలికాలం ముంచుకొస్తోంది. కొన్ని ఇళ్లకు కరెంటు రావడానికి వారాలు పట్టింది. సెల్‌ఫోన్‌లో ఛార్జింగ్ ఉన్నా సిగ్నల్ లేదు.

అదృష్టవశాత్తూ రెడ్‌హుక్ ఇనిషియేటివ్ భవనానికి కరెంటు పోలేదు. మేడమీద డబ్బా పనిచేస్తూనే ఉంది. తెల్లవారేసరికి జనం అక్కడికి రావడం మొదలైంది. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునేవాళ్లు కొందరు, దూరాన ఉన్న అమ్మానాన్నలకు క్షేమసమాచారం పంపేవాళ్లు కొందరు, ప్రభుత్వ సాయానికి దరఖాస్తు నింపేవాళ్లు ఇంకొందరు. ఆ దరఖాస్తు ఇంటర్నెట్‌లో నింపొచ్చు. మరి ఇంటర్నెట్ లేనివాడు ఏం చేయాలి? ఆ ప్రశ్నకు పేటలో దొరికిన జవాబు ఆ ఒక్క డబ్బానే.

సాంకేతిక బృందం పరుగున వచ్చింది. కొత్త రౌటర్లు బిగించారు. సాయం పంచే చోట్లకు వలను సాగదీశారు. బ్రూక్లిన్‌లోనే ఉన్న ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థ తన కనెక్షన్‌ను పంచుకుంది. ఆ దేశ విపత్తుల సంస్థ ‘ఫెమా’ బృందం ఉపగ్రహ లింకు తెచ్చి ఈ వలకే తగిలించింది. ప్రభుత్వం పేటవాళ్లు కట్టుకున్నదానికి వచ్చి కలవడం అరుదైన సంగతి. ఎక్కడ ఏం కావాలో ఎస్సెమ్మెస్ పంపితే పేట పటంమీద కనిపించే ఏర్పాటు కూడా చేశారు. దుప్పట్లు ఎక్కడ కావాలి, మందులు ఎవరికి కావాలి... సాయం చేసేవాళ్లకు చీకట్లో తడుముకునే పని కొంత తప్పింది.

వైఫై వల్ల వరద తగ్గలేదు. బాయిలర్లు బాగుపడలేదు. కానీ ‘మేం బతికే ఉన్నాం’ అని చెప్పుకోగలగడం ఆ రోజుల్లో ఎంత పెద్ద విషయమో తుఫాను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నిచ్చెనెక్కిన కుర్రకారు

తుఫాను వెలిశాక అసలు పని మొదలైంది. బయటినుంచి వచ్చిన ఇంజినీర్లు ఎన్నాళ్లుంటారు? డబ్బా పాడైతే బాగుచేసేదెవరు? అందుకే 2013లో పేట యువతకు శిక్షణ మొదలుపెట్టారు. వాళ్లకు ‘డిజిటల్ స్టీవార్డ్స్’ అని పేరు. అంతకుముందే డెట్రాయిట్ నగరంలో ఇలాంటి శిక్షణ నడిచింది. దాన్నే ఇక్కడికి తెచ్చారు. చేరినవాళ్లంతా ఇరవయ్యేళ్లకు అటూఇటూ వయసువాళ్లు. చాలామంది కాలనీ పిల్లలే. ఊరికే నేర్పడం కాదు, నేర్చుకున్నన్నాళ్లూ భత్యమిచ్చారు.

కేబుల్ కొసన క్లిప్పు బిగించడం, రౌటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, మేడలమీద యాంటెన్నాను సరైన దిక్కుకు తిప్పడం నేర్పారు. ఇవన్నీ నెలల్లో వచ్చేస్తాయి. అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇంకోటుంది. దుకాణదారు దగ్గరికెళ్లి ‘మీ పైకప్పుమీద ఒక డబ్బా పెట్టనిస్తారా?’ అని అడగడం! కరెంటు ఎంత కాలుతుంది, వాన కురిస్తే కప్పు కారుతుందా, నాకేంటి లాభం... అన్నిటికీ జవాబు చెప్పాలి. వల అల్లడంలో సగం పని రౌటర్లది, సగం పని మాటలది. రహదారి అవతలివాళ్లు భయంభయంగా చూసే కాలనీ పిల్లలే నిచ్చెనలు పట్టుకుని పేటకు ఇంటర్నెట్ పంచడం... డబ్బాలు తెచ్చిన మార్పుకన్నా అదే పెద్ద మార్పు.

దేశదేశాల మేడలమీద

రెడ్‌హుక్ ఒంటరి కాదు. జర్మనీ రాజధాని బెర్లిన్‌ది ఇంకో వింత కథ. 1990లో రెండు జర్మనీలు కలిశాక తూర్పు బెర్లిన్ పేటల్లో ఆధునికంగా ఉండాలని ఆప్టికల్ ఫైబర్ టెలిఫోన్ లైన్లు వేశారు. తర్వాత వచ్చిన డీఎస్ఎల్ ఇంటర్నెట్‌కు పాత రాగితీగలే కావాల్సి వచ్చింది! పాత లైన్లున్న పేటలకు వేగం దక్కింది. కొత్త లైన్లున్న పేటలు ఎదురుచూస్తూ కూర్చున్నాయి. విసిగిపోయిన యువకులు 2000ల మొదట్లో ‘ఫ్రైఫుంక్’ పేరుతో మేడలమీద, చర్చి గోపురాలమీద యాంటెన్నాలు పెట్టి సొంత వల అల్లుకున్నారు.

మనదేశంలోనూ ఉంది. ఆరుబయట వైఫై వాడకానికి లైసెన్సు అక్కర్లేదని 2005 జనవరిలో ప్రభుత్వం ప్రకటించిందో లేదో, హిమాచల్‌లోని ధర్మశాల కొండలమీద ఇలాంటి వల మొదలైపోయింది. టిబెటన్ శరణార్థుల సంస్థలను, బడులను అది కలిపింది. అక్కడ యాంటెన్నాలకు పిడుగులు ఒక శత్రువైతే, పట్టుకుని ఊగే కోతులు ఇంకో శత్రువు!

అన్నీ గెలిచిన కథలే కావు. ఫిలడెల్ఫియా నగరం ఊరంతటికీ వైఫై ఇస్తామని 2004లో గొప్పగా ప్రకటించింది. లాభం కనిపించక కట్టే కంపెనీ 2008లో తప్పుకుంది. కంపెనీకి లాభం లేకపోతే వల ఉండదు. పేటవాళ్లదైతే అడిగేవాళ్లకు ఓపిక ఉన్నంతకాలం ఉంటుంది. కష్టమంతా ఆ ఓపిక దగ్గరే. చెట్లు చిగురిస్తే ఆకుల్లోని నీరు సిగ్నల్‌ను మింగేస్తుంది. కబురు ఒక్కో డబ్బా దాటేకొద్దీ వేగం తగ్గుతుంది. కరెంటు పోతే బ్యాటరీ లేని డబ్బా ఇటుకతో సమానం. నేర్చుకున్న కుర్రాడికి మంచి ఉద్యోగం వస్తే పేట దాటి వెళ్లిపోతాడు. అది పేటకు సంతోషమే, వలకు నష్టం. ఏటా కొత్తవాళ్లకు మళ్లీ మొదటినుంచి నేర్పాలి. గ్రాంటు ఆగినరోజు ఎవరిస్తారన్న ప్రశ్న ఎప్పుడూ తలమీద వేలాడుతూనే ఉంటుంది. అయినా న్యూయార్క్‌లోనే ‘ఎన్‌వైసీ మెష్’ పేరుతో వాలంటీర్లు అల్లిన వల వెయ్యికి పైగా భవనాలకు పాకింది.

వెళ్లాలంటే...

న్యూయార్క్‌లో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు మన ఊళ్లలో చాలామందే. చూడాల్సినవన్నీ చూశాక ఒక పూట మిగిలితే రెడ్‌హుక్ వెళ్లొచ్చు. 2017లో ఇక్కడికి నగర ఫెర్రీ వేశారు. మన్‌హట్టన్‌నుంచి పడవెక్కితే విగ్రహాన్ని చూస్తూనే రేవులో దిగొచ్చు. వేసవి వారాంతాల్లో ఫుట్‌బాల్ మైదానాల పక్కన లాటిన్ అమెరికా వంటలు అమ్మడం ఇక్కడ 1970ల నుంచి ఉన్న అలవాటు. మొక్కజొన్న పిండిలో చీజ్, చిక్కుడు గింజల ముద్ద కూరి కాల్చే పుపుసా మన పూర్ణం రొట్టెకు దూరపు చుట్టంలా ఉంటుంది. మరీ తియ్యగా ఉంటుందనుకునేరు, కారమే!

తిని, కాఫీ పార్కు బెంచీమీద కాసేపు కూర్చోవచ్చు. పిల్లలు ఆడుకుంటుంటారు, ముసలివాళ్లు కబుర్లు చెప్పుకుంటుంటారు. చుట్టూ మేడల అంచులవైపు చూస్తే, నీళ్ల ట్యాంకుల మధ్య అరచేతి పొడవున్న తెల్లడబ్బా ఏదైనా కనిపించినా కనిపించవచ్చు. దాన్ని చూడటానికి ఏ టూరిస్టూ రాడు, దానికి టిక్కెట్టూ లేదు. కానీ ఒక చీకటిరాత్రి తర్వాత ఎందరో తల్లులకు పిల్లల మాట వినిపించింది అలాంటి డబ్బాలోంచే.