పోటూ పాటూ

సాయంత్రం నాలుగింటికి మేం బస చేరేసరికి సముద్రం గుమ్మం ముందే ఉంది. వరండా మెట్టును తడిపి వెనక్కి పోతోంది. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు టీ గ్లాసులు పట్టుకుని అదే మెట్టు మీద కూర్చుంటే సముద్రం లేదు. తడి ఇసుక, పచ్చటి నాచు, చీలమండ లోతు మడుగులు, వాటి మధ్య నేలను ఆనుకున్న పడవలు. కిలోమీటరుకు పైగా అవతల, పగడపు దిబ్బ మీద విరిగే అలల తెల్లగీత.

"ఏవండీ, ఇదేమిటి?" అన్నాను.

మా ఆయన చాలాసేపు చూశారు. "పాటు. ఇంత పాటు నేనెక్కడా చూడలేదు."

ఆయనది కోనసీమ. ఉప్పుటేటి పక్కన పెరిగిన మనిషి. మన అంతర్వేది తీరంలో పోటుకీ పాటుకీ మధ్య నీటి మట్టం మీటరు, మీటరున్నర మారుతుంది. మేం దిగిన జాంజిబార్‌లో అమావాస్యకీ పున్నమికీ నాలుగు మీటర్ల దాకా మారుతుంది. ఈ దీవి తూర్పు తీరంలో నేల వాలు చాలా తక్కువ. అందుకే నీరు తీసిందంటే దిబ్బ దాకా తీసేస్తుంది. మేం పున్నమికి వెళ్ళాం.

ముప్ఫైరెండేళ్ళ కాపురంలో పెళ్ళికో, మొక్కుకో, ఆస్పత్రికో కాకుండా మేం చేసిన మొదటి ప్రయాణం ఇది. దారెస్సలాంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు పట్టుబట్టి రప్పించాడు. అక్కణ్ణించి ఓడలో రెండు గంటలు. దీవిలోని పాత పట్నం స్టోన్ టౌన్‌లో ఒక్క పూటే ఉన్నాం. ఇత్తడి బొడిపెలు దిగ్గొట్టిన తలుపులు అందంగానే ఉన్నాయి. 1873లో మూయించిన బానిసల సంత ఉన్న చోట ఇప్పుడు చర్చి ఉంది. అక్కణ్ణించి బయటికొచ్చాక మాకిద్దరికీ మాట్లాడబుద్ధి కాలేదు. ఆ సాయంత్రానికే మా బస ఉన్న జాంబియానీ చేరాం.

మా ఆయన ఏ ఊరెళ్ళినా చూడాల్సినవి కాగితం మీద రాసుకుంటారు. ఇక్కడా రాశారు. రెండో రోజు తర్వాత ఆ కాగితం తీయలేదు. ఎప్పుడు ఈదాలో, ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఊరికే కూర్చోవాలో నీళ్ళే చెప్తుంటే కాగితంతో పనేముంది? పోటు వేళ రోజుకు ముప్పావుగంట పైన ఆలస్యంగా జరుగుతూ పోతుంది. మా తిండీ నిద్రా దానితోపాటు జరిగాయి.

సముద్రపు నాచు పండించే ఒకావిడ మాకు తన మడి చూపిస్తానంది. "సా తాతు"కి రమ్మంది. స్వాహిలీలో అంటే మూడో గంట. మూడింటికి నీళ్ళు నిండుగా ఉంటాయి కదా, మడి ఎలా కనిపిస్తుందని ఈయన సందేహం. బస నడిపే అబ్బాయి విప్పి చెప్పాడు. ఇక్కడ గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్క. భూమధ్యరేఖకు దగ్గర కనుక ఏడాది పొడుగునా సూర్యోదయం ఇంచుమించు ఒకే వేళకు. మూడో గంటంటే మన తొమ్మిది. "జాము పొద్దెక్కాక అన్నమాట!" అన్నారు ఈయన. మా అత్తగారు కాలం చెప్పిన తీరు అదే. ఆవిడ పోయాక మా ఇంట్లో ఎవరూ అనని మాట, హిందూ మహాసముద్రం అవతల ఆయన నోట విన్నాను.

ఆ మడి సంగతి చెప్పాలి. ఇసుకలో వరసగా చిన్న గుంజలు. వాటి మధ్య బిగించి కట్టిన తాళ్ళు. తాళ్ళకు జానెడు ఎడంగా నాచు పిలకలు ముడివేసి ఉంటాయి. పాటు వేళ ఆడవాళ్ళు నీళ్ళలో వంగి కలుపు తీస్తారు, తెగిన తాళ్ళు ముడేస్తారు, మళ్ళీ నీళ్ళు వచ్చేలోపు బయటపడతారు. ఆరు వారాలకు కోత. ఇంటి ముందు ఎండబెట్టి అమ్ముతారు. దాన్నుంచి తీసే జిగురు పదార్థమే మన టూత్‌పేస్టుకూ ఐస్‌క్రీముకూ చిక్కదనం ఇస్తుంది. 1980ల చివర మొదలైన ఈ సేద్యంలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మంచి ధర పలికే రకం, నీళ్ళు వేడెక్కుతుండటంతో లోతు తక్కువ చోట్ల బతకడం లేదు. ఆవిడ చెయ్యి పట్టుకు చూశాను. మా పిన్ని చెయ్యిలాగే ఉంది, నాట్ల కాలంలో.

తిరిగి వస్తుంటే ఒక వాసన. ఈయన టక్కున ఆగిపోయారు. "కొబ్బరి డొక్కల వాసన!" నిజమే. ఒడ్డు బురదలో డొక్కలు పాతి, పైన రాళ్ళు పేర్చారు. నెలల తరబడి నానాక తీసి, కొట్టి, పీచుతో తాడు పేనుతారు. చిన్నప్పుడు చెరువులో డొక్కలు నానేసిన రోజుల గురించి, తాడు పేని పేని అరచేతులు కాయలు కాసిన వాళ్ళ మేనత్త గురించి ఈయన అక్కడే నిలబడి చెప్పుకొచ్చారు. ఇన్నేళ్ళలో నాకు చెప్పని కథ. చెప్పడానికి తీరికే దొరకలేదేమో, అడగడానికి నాకూ దొరకలేదు.

రాత్రిళ్ళు కొబ్బరి పాలతో వండిన అన్నం, చేపల పులుసు. వంటామె చిన్న పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతుంది. అచ్చం మన కోరాం. వాళ్ళు దాన్ని "మ్‌బూజీ" అంటారు, అంటే మేక. నేనూ కూర్చుని ఒక చిప్ప కోరాను. ఊళ్ళో తిరిగే ఆటో పేరు "బజాజీ", కొట్టు "దూకా". పరాయి ఊళ్ళో ఉన్నామనే బెరుకు మూడో రోజుకే పోయింది.

ఆరు రోజులున్నాం. ఈసారి పది రోజులు ఉండాలని అప్పుడే అనుకున్నాం.

మీరూ వెళ్తే పున్నమికో అమావాస్యకో వెళ్ళండి. ముళ్ళున్న సముద్ర జీవులు గుచ్చుకోకుండా కాళ్ళకు చెప్పులు ఉంచుకోండి. ఫొటో తీసేముందు ఆ ఆడవాళ్ళను అడగండి. మడుల్లో నడిచేటప్పుడు మాత్రం, దయచేసి, తాళ్ళ మీద కాలు పడనివ్వకండి.