ఆకాశం నుంచి కబురు

మనిషి ఎక్కని చిన్న విమానం తానెంత ఎత్తున ఉన్నదీ, అక్కడి గాలి ఎంత చల్లగా ఉన్నదీ తానే కొలిచి కిందికి కబురు పంపాలి. పంపకముందే ఏ చెరువులోనో పడిందంటే కొలిచిన లెక్కలన్నీ దానితోపాటే పోతాయి. అందుకే నాకు విమానం ఎగరటం కన్నా కబురు అందటమే పెద్ద వింత.

మా అన్నయ్య కూతురు స్కూలు ప్రదర్శనకు బాల్సా కర్రతో విమానం చేస్తూ, "అందులో సెల్‌ఫోను పెట్టేస్తే సరిపోదా, బాబాయ్?" అని అడిగింది. మంచి ప్రశ్నే. కాని సెల్ టవర్లు తమ తరంగాలను నేల మీది మనుషుల కోసం కిందికి వంచి పంపుతాయి. పైకి వెళ్ళిన ఫోనుకు ఎక్కడెక్కడి టవర్లో ఒక్కసారిగా తగులుతాయి. దేనితో మాట్లాడాలో దానికి తోచదు.

ఇంట్లో వై-ఫై తరంగం ఉన్నది కదా, అది సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు ఊగుతుంది. పొడవు 12న్నర సెంటీమీటర్లు. ఫోటోలు కూడా చకచకా మోసుకువస్తుంది గాని, పచ్చని చెట్లు అడ్డం వస్తే నీరసపడుతుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగినది ఇంకొకటి ఉంది: 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. ఇది నెమ్మదిగా మాట్లాడుతుంది, దూరం పోతుంది. ఎత్తూ, వేడీ చెప్పటానికి ముప్ఫై అక్షరాలు చాలు, తొందరేముంది? నేనైతే దీన్నే ఎంచుతాను. దీనికి 9 సెంటీమీటర్లకు కాస్త తక్కువ తీగ ఉంటే ఏరియల్ అయిపోతుంది. తీగను నిలువుగా వేలాడదీయండి. దాని కొన ఎటు చూస్తే అటు కబురు దాదాపు పోదు.

భూమి గుండ్రంగా ఉన్నది గనక, 100 మీటర్ల ఎత్తు నుంచి చూపు 36 కిలోమీటర్ల దాకా ఆనుతుంది. రేడియో మరికాస్త ముందుకు పోతుంది, అంతే.

మరి మహాసముద్రం దాటాలంటే? మేనార్డ్ హిల్ అనే అమెరికా ఆయన ఆ పని తలపెట్టాడు. వయసు 77, చూపు బాగా మందగించింది. అంతకు ముందు పంపిన విమానాలు గమ్యం చేరలేదు. 2003 ఆగస్టులో కెనడా తూర్పు తీరం నుంచి 5 కిలోల లోపు బరువున్న బాల్సా విమానాన్ని వదిలాడు. అది దారి తానే చూసుకుంటూ, ఎక్కడున్నదీ ఉపగ్రహం ద్వారా చెబుతూ పోయింది. కబురు రానంతసేపూ, అది ఎగురుతున్నదో మునిగిపోయిందో ఎవరికీ తెలియదు. దాదాపు 39 గంటలు, సుమారు 3,000 కిలోమీటర్లు!

ఐర్లండు తీరాన ఆయన స్నేహితుడు రేడియో పెట్టె చేతపట్టుకుని ఎదురుచూస్తున్నాడు. విమానం కంటికి ఆనగానే, మైదానంలో బొమ్మవిమానాన్ని దించినట్టే దాన్ని దించేశాడు. ఆ చివరి కాస్త దూరానికి ఉపగ్రహం అవసరం లేకపోయింది.