వరుస ఎక్కడ మొదలు?

నవల చదవనిదే సినిమా చూడరాదని, మొదటి సంపుటం ముగియనిదే రెండవది ముట్టరాదని విద్యార్థులలో కొందరికి గట్టి పట్టింపు. మాకూ ఆ పట్టింపు లేకపోలేదు.

గౌతం ఘోష్ 1979 నాటి చిత్రం 'మా భూమి'ని మేము ముందుగా చూచాము. దానికి ఆధారమైన కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'ను పిమ్మట చదివాము. అదే పేరుగల సుంకర, వాసిరెడ్డిల నాటకం 1947 నాటిదైనా, మా చేతికి చివరగా వచ్చింది. ఆ నాటకానికి ప్రేరణ మన జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ. తన భూమికై న్యాయస్థానంలో పోరాడి గెలిచి, హత్యకు గురైనవాడు. ఆయన సమాధి వద్ద నిలిచినప్పుడు, వరుసలో మొదటిది ఏ పుస్తకమూ కాదని, ఒక మనిషి బ్రతుకని గ్రహించాము.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుండి వచ్చిన విద్యార్థులారా! క్రమాన్ని కోరడం మంచిదే. అది మూలాన్ని వెతికిస్తుంది. కాని మొదటి పుస్తకం దొరకలేదని ఆగిపోయిన వానికి ఆ మూలం అందదు. ఉర్దూ వచ్చినవారు నవలతో, తెలుగు వచ్చినవారు నాటకంతో ఆరంభించండి. పుస్తకాలు గ్రంథాలయంలో మీకై వేచి ఉంటాయి. ఊరి కథలు ఎరిగిన వృద్ధులు వేచి ఉండలేరు. ఈ సెలవులలో ముందు వారిని అడగండి.